పక్కింట్లో పొంగిన పాలు

ఆ రోజుల్లో అద్దె ఇల్లు దొరకడం కన్నా మొగుడు దొరకడమే సులువు. అందుకు నేనే సాక్ష్యం. మా ఆయన మొదటి పెళ్లిచూపుల్లోనే దొరికేశాడు, ఇల్లు మాత్రం చెప్పులరిగేలా తిరిగినా దొరకలేదు. ఆయనకి విశాఖపట్నంలో ఉద్యోగం. సిటీ అద్దెలు మా తాహతుకి మించినవి కావడంతో భోగాపురం వైపు హైవే పక్కన కొత్తగా లేచిన కాలనీల మీద పడ్డాం. "విమానాశ్రయం వస్తాదండీ" అని ప్రతి ఓనరూ ఆకాశంలోకి చెయ్యి చూపించేవాడు (అక్కడ గద్దలు తప్ప ఏమీ ఎగిరేవి కావు). అద్దె మాత్రం విమానం అప్పుడే దిగిపోయినట్టు చెప్పేవాడు. ఒకరు చేపలు వండకూడదంటే, ఇంకొకరు చుట్టాలు రాకూడదనేవారు. అప్పటిదాకా మా కాపురం మా ఆయన చిన్నమావ హాల్లో. వాళ్లు టీవీ కట్టేస్తే గాని మాకు పక్క పరుచుకునే యోగం లేదు. కొత్త పెళ్లికూతుర్ని, మొగుడితో నాలుగు మాటలు మాట్లాడాలంటే బస్టాపుకి వెళ్లాల్సి వచ్చేది. ఏడుద్దామన్నా బాత్రూం ఖాళీ ఉండాలి కదా!

చివరికి ఎలాగో ఒక ఇల్లు కుదిరింది. ఆషాఢం వచ్చేలోగా ముహూర్తం ఒక్కటే మిగిలింది, అదీ తెల్లవారుజామున. అది తప్పితే శూన్యమాసం, మళ్లీ అదే హాలు, అదే టీవీ. పాలు పొంగించడానికి గరివిడి పక్క పల్లె నుంచి మా అత్త ఇత్తడి గిన్నె, పిడకలు పట్టుకుని దిగింది. ఆవిడ చేతిమీదుగా పొంగితే ఆ ఇంటికి తిరుగుండదని ఊరంతా నమ్మకం (ఊరంతా అంటే ఆవిడే).

మేం వెళ్లేసరికి కాలనీలో కరెంటు లేదు. ఇళ్లన్నిటికీ ఒకే మీగడ రంగు గోడలు, ఒకే గోధుమరంగు తలుపులు. నంబర్లు ఇంకా వెయ్యలేదు. మా ఆయన ఆటోలోంచి సామాను దింపుతుంటే, "బేగి రండర్రా, ముహూర్తం దాటిపోతాది" అంటూ అత్త తాళంచెవి లాక్కుని ఒక తలుపు తీసేసింది. ఆ తాళం తెరుచుకుంది కూడా! బిల్డరు వరసంతా ఒకే రకం తాళాలు బిగించాడని మాకేం తెలుసు? మూడు ఇటుకలు పేర్చి, పిడకలు ముట్టించి గిన్నె పెట్టింది. "సూసినావేటే కోడలా, తూరుపుకే పొంగినాయి!" అని మురిసిపోయింది. చాలా రోజులకి నేను మనసారా నవ్వాను. ఆ నవ్వు తెల్లారేదాకానే నిలిచింది.

"ఎవులమ్మా మీరు? నా ఇంట్లో ఏటి సేస్తన్నారు?"

గుమ్మంలో బకెట్టుతో ఒక పెద్దాయన. రిటైరైన మేష్టారట. పక్క ఊరి నుంచి రోజూ వచ్చి మొక్కలకి నీళ్లు పోసి పోతారట. ఆ ఇల్లు ఆయనది, మాది దాని పక్కది. అత్త ఊరుకుంటుందా? "మా తాళంచెవికి తెరుసుకున్నాది, ఇది మా ఇల్లు కాకుండా ఎలగ పోతాది?" అని ఎదురు తగువేసుకుంది. ఆ గోలకి మా ఓనరు ఊడిపడ్డాడు. "నా ఇంట్లో పొంగాల్సిన లచ్చిందేవిని పక్కింట్లో పొంగించేస్తారా? మీకు ఇల్లూ లేదు, ఏటీ లేదు, పొండి" అని తాళంచెవి గుంజుకుని పోయాడు. నేను మెట్టు మీద కూలబడి భోరుమన్నాను. "నేనింక ఆ హాల్లోకి వెళ్లనంటే వెళ్లను" అని మొగుడి చొక్కా పట్టుకుని ఏడ్చాను. పాపం ఆయన ఒక చేతిలో బిందె, ఒక చేతిలో చీపురుతో నిలబడిపోయాడు.

మేష్టారు తిడతారనుకున్నాం. ఆయన ఆ పాలగిన్నెనే చూస్తూ నిలబడ్డారు.

"ఇల్లు కట్టినన్నాళ్లూ మా ఆవిడ ఇక్కడే ఉండీది తల్లీ. తలుపులు బిగించకముందే పోనాది. ఒంటోణ్ణి పీటల మీద ఎలగ కూకుంటాను? అందుకే గృహప్రవేశం మాటే ఎత్తలేదు" అన్నారు. అత్త తగువు మానేసి గ్లాసెడు పాలు వంచి ఆయన చేతిలో పెట్టింది. ఆయనే, "పాలు పొంగినాక ఇంట్లో నిద్ర సెయ్యాల. ఆ సామాను లోపలెట్టండి" అన్నారు.

అలా మేష్టారింట్లోనే అద్దెకి దిగిపోయాం. హమ్మయ్య, కష్టాల్లోంచి గట్టెక్కామనుకునేరు! బోరులో ఉప్పునీళ్లు, పెరట్లో పాములు, చీకటి పడితే బస్సు లేదు. అన్నిటికీ మించి ఆ వంటింటి గట్టు! మోకాళ్ల కన్నా కాస్త పైకుండేది. తాటిచెట్టంత మనిషిని, అన్నం వార్చేసరికి నడుం రెండు ముక్కలయ్యేది. కట్టిన మేస్త్రీని తిట్టని రోజు లేదు. ఒకసారి మేష్టారికి టీ ఇస్తూ ఉండబట్టలేక అడిగేశాను, "గట్టు ఇంత కిందకి ఎందుకు కట్టించారండీ?" అని. ఆయన నవ్వి, "మా ఆవిడ పొట్టిదమ్మా" అన్నారు.

ఆ తర్వాత కూడా నడుం నొప్పి తగ్గలేదు గాని, మేస్త్రీని తిట్టడం మానేశాను.

మొన్నామధ్య మేం సొంతిల్లు కట్టుకున్నాం. మేష్టారు వచ్చి, ముందు గుమ్మం మీద నంబరు పైకి చదివి, అప్పుడు గాని అత్తని లోపలికి పోనివ్వలేదు. పాలు పొంగిస్తుంటే మా ఆయన వంటింటి గట్టు చూసి తల పట్టుకున్నాడు. "ఇంత కిందకి కట్టించేవేటే? అన్నేళ్లు నడుం, నడుం అని నా ప్రాణం తీసేవు కదా!"

తీశాను. కానీ మేస్త్రీ ఎత్తు అడిగితే, నా చెయ్యి మేష్టారింటి గట్టు ఎత్తు దగ్గరే ఆగింది. మెట్టు మీద కూర్చుని ఏడ్చిన ఆ వెర్రి పిల్లని తలుచుకుని నవ్వుకుంటూ, అలవాటుగా వంగి పొయ్యి తగ్గించాను.