అమ్మకి నేను వదిలించిన దెయ్యం

ఆ రోజుల్లో మా కోనసీమలో మనుషులకంటే దెయ్యాలకి మర్యాద ఎక్కువ జరిగేది. కరెంటు అప్పుడప్పుడూ వచ్చేది, దెయ్యాలు రోజూ వచ్చేవి. వాటిని వదిలించడంలో పద్నాలుగేళ్లకే నాకు పేరొచ్చేసింది. (గొప్ప కాదండీ. మా పిన్నిగారి అటకమీద చప్పుళ్లవుతుంటే చీపురుకట్ట పుచ్చుకుని ఎక్కేను. ఒక మానుపిల్లి నా నెత్తిమీంచి దూకి పారిపోయింది. దెయ్యమే పిల్లి రూపంలో వెళ్లిపోయిందని పిన్నిగారు ఊరంతా చెప్పేరు. కాదనడానికి నాకు నోరు రాలేదు.) అప్పట్నుంచీ అమలాపురం చుట్టుపక్కల నేను 'దెయ్యాల పాపగారి'ని.

పేరు అలా వెలుగుతుండగా మా ఇల్లే రెండయింది. ఏటా అంతర్వేది తీర్థానికి తీసుకెళతానని అమ్మకి చెప్పే నాన్నగారు, ఆ ఏడు స్నేహితులతో తను వెళ్లి, అమ్మకి జీళ్ల పొట్లం తెచ్చేరు. అమ్మ ఆ పొట్లం విప్పలేదు. ట్రంకుపెట్టె సర్దుకుని, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, ముక్తేశ్వరంలో మావయ్యగారింటికి వెళ్లిపోయింది. నెల దాటినా రాలేదు. తమ్ముడు అమ్మ దగ్గర, నేను నాన్నగారి దగ్గర అని పెద్దలు తేల్చేసేరు. గేదె ఎవరి దగ్గరన్నదే మిగిలింది.

ఒక మధ్యాహ్నం నేను మాడ్చిన పప్పు కలుపుకుంటూ నాన్నగారు గొంతు తగ్గించేరు. "అమ్మాయీ, మీ అమ్మ ఇలాంటి మనిషి కాదే. దానికేదో పట్టింది. నువ్వు బయటివాళ్ల దెయ్యాలేనా, ఇంట్లోవాళ్లవి కూడా వదిలిస్తావా?"

మర్నాడే ముక్తేశ్వరం వెళ్లేం. మావయ్యగారి వాకిట్లో అమ్మని పీటమీద కూచోబెట్టి, కొబ్బరిపీచు పొగ వేసి, వేపమండ ఝుళిపించేను. అమ్మ దగ్గుతూ నా చెవిలో, "ఏమిటే ఈ వేషాలు?" అంది. "నీకు దెయ్యం పట్టిందంటున్నారు నాన్నగారు," అన్నాను. అమ్మ ఆయనకేసి చూసి, కాసేపు ఆలోచించి, నిదానంగా జుట్టు ముడి విప్పేసింది.

"ఒరేయ్!"

నాన్నగారు చేతులు కట్టుకున్నారు. "ఆయ్! చెప్పండి."

"నన్ను తీర్థానికి ఎందుకు తీసుకెళ్లలేదురా?"

"తమరెప్పుడడిగేరండీ?"

"ఈ పిల్ల కడుపులో ఉన్నప్పట్నుంచీ అడుగుతున్నాను!"

నాన్నగారు నావైపు వొంగి, "చూసేవా, ఎంత పాత దెయ్యమో!" అన్నారు.

దెయ్యం అక్కడితో ఆగలేదు. చెప్పాపెట్టకుండా భోజనానికి మనుషుల్ని తీసుకురాకూడదంది. కూర బాగుంటే బాగుందని నోరు తెరిచి చెప్పాలంది. 'ఒసే' అని పిలిస్తే ఊరుకోనంది. అన్నిటికీ నాన్నగారు "ఆయ్, తప్పకుండానండి" అంటూనే ఉన్నారు. ఇదంతా గుమ్మంలోంచి చూస్తున్న అత్తయ్య మెల్లిగా జడ విప్పుకోవడం మొదలెట్టి, "నాకూ ఏదో తేడాగా ఉందండీ," అంది. మావయ్య పరుగున వెళ్లి బిందెడు నీళ్లు తెచ్చి పొగమీద గుమ్మరించేసేరు.

అమ్మ తమ్ముణ్ణి తీసుకుని ఆ సాయంత్రమే మాతో వచ్చేసింది. ఆ వారంలోనే అంతర్వేది వెళ్లేం (తీర్థం ఎప్పుడో అయిపోయింది, ఖాళీ రథం చూసి వచ్చేం). నాన్నగారు దారిపొడుగునా అమ్మని "మీరు" అన్నారు. ఇంటికొచ్చేక నన్ను చాటుకి పిలిచి, "అది పోయినట్టేనంటావా?" అనడిగేరు. "పోయింది గానీ, చుట్టుపక్కలే తిరుగుతుంటుంది నాన్నగారూ," అన్నాను. ఆ మాట ఆయన చివరిదాకా నమ్మేరు.

ఇప్పుడు నేను గోడమీద బల్లి కనిపిస్తే మంచమెక్కే మనిషిని. ఆ రోజు వాకిట్లో నా చెయ్యి గజగజా వణుకుతుంటే, దెయ్యం బలమలాంటిదని అంతా చెప్పుకున్నారు. అమ్మ రానంటుందేమోనని ఆ వణుకు. ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వేక కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వస్తుంది.