ఉండిపోయినవాళ్ళ మాట

ఎం.ఏ. చరిత్రకు ప్రైవేటుగా ఫారం నింపిన ఏడాది నేను బస్తర్ అడవుల్లో పామేడు దగ్గర మా ఊళ్ళోనే పంతులమ్మని. ఏళ్ళ తరబడి మూతపడిన బడిని మళ్ళీ తెరిచారు, నాకు అక్కడే ఉద్యోగం దొరికింది. పుస్తకాలు హిందీలో, పరీక్షలు జగదల్‌పూర్‌లో. ఒక పేపరు ప్రాచీన పశ్చిమాసియా చరిత్ర. అందులో పెద్ద పాఠం ఇశ్రాయేలీయులది. వాళ్ళెక్కడ, మేమెక్కడ అనుకుంటూనే పుస్తకం తెరిచాను.

హిందీలో చదివింది తెలుగులో ఎవరికైనా చెబితే తప్ప నాకు బుర్రకెక్కదు. ఇంట్లో ఉన్నది మా మేనత్త ఒక్కతే. అరవై దాటిన మనిషి, చదువు రాదు. తెలుగు, దొర్లీ, గోండీ మాట్లాడుతుంది, సంతలో బేరానికి సరిపడా హిందీ కూడా వచ్చు. ఎండాకాలం ఒంటిపూట బడి అయ్యాక అరుగు మీద ఆమె చింతపండు గింజలు తీస్తుండేది, నేను పక్కన కూర్చుని పాఠం చెప్పేదాన్ని. ఊఁ కొడితే చాలనుకున్నాను. ఆమె ఊఁ కొట్టి ఊరుకునే రకం కాదు.

వాళ్ళు బానిసత్వం నుంచి బయటపడి ఎడారిలో తిరిగారని వాళ్ళ గ్రంథాలు చెబుతాయి అన్నాను. ఆమె మొదటి ప్రశ్న అక్కడే వచ్చింది.

"ఏం తిన్నరు?"

తెల్లవారేసరికి నేల మీద తెల్లగా ఏదో పడి ఉండేదనీ, ఎండ ఎక్కకముందే ఏరుకోవాలనీ, లేకపోతే కరిగిపోయేదనీ చెప్పాను.

"ఇప్పపువ్వు," అంది అత్త, చెయ్యి ఆపకుండా.

"ఎడారిలో ఇప్పచెట్లు ఎక్కడివి అత్తా?"

"పేరు ఏదైతేంది? పొద్దుగాల లేచి ఏరుకున్నోళ్ళకి కడుపు నిండుతది. పండుకున్నోళ్ళకి లేదు. అంతే గదా?"

వాళ్ళ దేవుడికి బొమ్మ లేదంటే మాత్రం చాలాసేపు ఆలోచించింది. బొమ్మ బదులు ఒక చెక్క పెట్టె ఉండేదనీ, దానికి రెండు వైపులా కర్రలు దూర్చి భుజాల మీద మోసేవారనీ, ఎక్కడ దిగితే అక్కడ గుడారం వేసి అందులో పెట్టేవారనీ చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. బస్తర్‌లో ఆంగదేవుడిని చూడని వాళ్ళెవరు? దూలాలు కట్టి, నెమలీకలు పెట్టి, నలుగురు భుజాల మీద ఊరూరా మోసే దేవుడు.

"ఏ గోత్రమోళ్ళు మోస్తరు?" అని అడిగింది వెంటనే.

నేను పుస్తకం వెనక్కి తిప్పాల్సి వచ్చింది. పన్నెండు తెగలు, మోసే హక్కు ఒక్క తెగకే. వాళ్ళకు వాటాగా భూమి ఇవ్వలేదు, మిగతా తెగలవాళ్ళే పంటలో భాగం పెట్టాలి.

"అట్లనే ఉంటది మరి. దేవుణ్ణి మోసేటోడికి నాగలి పట్టే తీరిక ఏడిది?" అని గింజ తీసి పక్కన వేసింది.

అలా నెల రోజులు గడిచాయి. న్యాయాధిపతులు, రాజులు, రెండుగా చీలిన రాజ్యం అన్నీ ఆమెకు చెప్పాను. రాజుల మీద ఆమెకు ఆసక్తి లేదు. ఆ భాగం వచ్చినప్పుడల్లా లేచి కోళ్ళకు నూకలు చల్లేది. కోత కోసేటప్పుడు చేను అంచులు కోయకుండా విధవలకు, పరదేశులకు వదలాలనే నియమం చెబితే మాత్రం మళ్ళీ చెప్పమని అడిగింది.

బబులోను పాఠం దగ్గరకు వచ్చేసరికి నేను కాస్త తడబడ్డాను. కారణం చెప్పాలి.

నా చిన్నప్పుడు, ఊళ్ళు తగలబెట్టిన తుపాకుల గొడవల కాలంలో మా ఊరు సగం ఖాళీ అయింది. మా వాళ్ళు మూటాముల్లె కట్టుకుని రాష్ట్ర సరిహద్దు దాటి భద్రాచలం వైపు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. అత్తా మామా కూడా వెళ్ళారు. నన్ను అక్కడ హాస్టల్లో చేర్చింది అత్తే. మిరప చేలల్లో కూలికి పోతూ పదకొండేళ్ళు గడిపింది. మామ అక్కడే జ్వరంతో పోయాడు. ఇక్కడ కాస్త నెమ్మదించాక, మూడేళ్ళ కిందట అత్త తిరిగి వచ్చింది.

వచ్చిన రోజే నేరుగా తన మెట్టచేను దగ్గరకు వెళ్ళింది. చేను అడవి అయిపోయి ఉంటుందనుకుంది. తీరా చూస్తే దున్ని ఉంది. నాగలి వెనక ఉన్నది ఆమె చిన్నప్పటి నేస్తం, ఊరు వదలకుండా ఉండిపోయిన దొర్ల తెగ ఆడమనిషి. అత్తకు ఏమైందో, నలుగురి ముందూ, "నా చేల నుంచి దిగు," అంది. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఎడ్లను విప్పుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. బోరింగు దగ్గర ఒకరుంటే ఇంకొకరు బిందె పట్టుకుని వెనక్కి తిరిగేవారు.

అందుకే బబులోను రాజు వాళ్ళ రాజధాని యెరూషలేమును, అక్కడ కట్టుకున్న గుడిని కూల్చి జనాన్ని పట్టుకుపోయిన సంగతి వీలైనంత క్లుప్తంగా చెప్పాను. అత్త చింతపండు పక్కన పెట్టింది.

"గుడి కూలగొడితే దేవుడు ఎటు పోయిండు?"

"వాళ్ళకీ అదే దిగులు అత్తా. పరాయి దేశంలో మొక్కితే వింటాడా అని. చివరికి గుడి లేకపోయినా ఆయన తమతోనే ఉన్నాడనుకున్నారు. కథలు, నియమాలు రాసి పెట్టుకోవడం అక్కడే బాగా జరిగిందంటారు."

"మేమూ ఆ అడవిల మొక్కినం," అంది మెల్లగా. "మీ మామ రాయి ఒకటి పెట్టిండు. విన్నడో లేదో."

చాలా ఏళ్ళకు ఇంకో రాజు వచ్చి వాళ్ళను తిరిగి వెళ్ళనిచ్చాడనీ, గుడికి మళ్ళీ పునాది వేసిన రోజు కుర్రవాళ్ళు సంతోషంతో అరుస్తుంటే పాత గుడిని చూసిన ముసలివాళ్ళు ఏడ్చారనీ చెప్పాను. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. పాఠం అయిపోయిందనుకుని పుస్తకం మూస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"అందరూ పోయిన్రా? ఎవరూ మిగల్లేదా అక్కడ?"

"మిగిలారు. పేదవాళ్ళను, పొలం పని చేసేవాళ్ళను అక్కడే వదిలేశారు."

"మరి వీళ్ళు తిరిగొస్తే వాళ్ళేమన్నరు?"

దాచే వీల్లేదు. ఆ దేశంలో ఉన్నవాళ్ళు వచ్చి మేమూ మీతో కలిసి గుడి కడతాం అన్నారనీ, తిరిగొచ్చినవాళ్ళ పెద్దలు ఒప్పుకోలేదనీ, ఇందులో మీకు భాగం లేదని పంపేశారనీ చెప్పాను.

అత్త నా చేతిలోని పుస్తకం వైపు చూసింది.

"ఈ సంగతి రాసింది ఎవరు? తిరిగొచ్చినోళ్ళా, ఉండిపోయినోళ్ళా?"

అప్పటికి నాలుగు నెలలుగా ఆ పుస్తకంతో కుస్తీ పడుతున్నాను. ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

"తిరిగొచ్చినవాళ్ళే అత్తా."

"మరి ఉండిపోయినోళ్ళ మాట?"

"ఆ సంగతి మీద వాళ్ళు రాసుకున్నది ఏదీ మనకు దొరకలేదు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రం సరిగ్గా తినలేదు కూడా.

మర్నాడు పొద్దున్నే, నేను బడికి బయల్దేరకముందే, తల దువ్వుకుని గుమ్మంలో నిలబడింది. "నాతో రా బిడ్డా. ఒక్కదాన్నే పోవాలంటే కాళ్ళు రావట్లేదు," అంది. ఎక్కడికని నేను అడగలేదు.

నేస్తం ఇంటి ముందు ఇప్పపువ్వు ఎండబెడుతోంది. మమ్మల్ని చూసి చెయ్యి ఆపింది కానీ రమ్మనలేదు. అత్త వాకిలి బయటే నిలబడింది.

"నేను లేనప్పుడు ఊళ్ళో ఏం జరిగిందో నువ్వు ఎన్నడూ చెప్పలే. నేను అడగలే," అంది అత్త. "ఇయ్యాల అడుగుదామని వచ్చిన."

నేస్తం ఎండలో కళ్ళు చికిలించి ఆమెను చూసింది. కొంచెం దొర్లీలో, కొంచెం తెలుగులో మొదలుపెట్టింది. ఇళ్ళ కప్పుల ఎండుగడ్డి మండిన వాసన, ఆకులు కప్పుకుని అడవిలో పడుకున్న రోజులు, ఉప్పు లేని జావ, కడుపులోనే పోయిన మనవడు. గొంతు ఎక్కడా పెంచలేదు. అత్త అక్కడే నేల మీద కూలబడి వింది. నాకు బడి గంట గుర్తొచ్చింది, కానీ కదల్లేకపోయాను.

"నా చేను ఎందుకు దున్నినవు?" అంది అత్త చివరికి. అది నింద కాదని ఆ గొంతు వింటేనే తెలుస్తుంది.

"దున్నకపోతే అడివి ఎక్కుతది గదా అక్కా. నువ్వు వస్తే ఏడ చేస్తవు?"

"నాతో అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నువ్వు దిగు అన్నవు. దిగిన. ఇంకేం చెప్పాలె?"

నేస్తం లేచి లోపలికి వెళ్ళి, మూతికి గుడ్డ కట్టిన సొరకాయ బుర్ర తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. గుడ్డ విప్పితే బూడిద కలిపిన సామల విత్తనాలు.

"నీవే. పోయేనాడు నీ ఇంట్ల గూట్లో మరిచిపోయినవు. విత్తనం ఊకే ఉంటే చస్తది. అందుకే నీ చేలనే ఏడాదికింత చల్లిన. మూడేండ్ల సంది నా ఇంటెనక జానెడు జాగల వేస్తున్న."

అత్త విత్తనాల్లో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. మామ ఇష్టంగా తినే సామలవి. ఆ రకం మళ్ళీ దొరకలేదని నాతో ఎన్నోసార్లు అంది. కాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. నేస్తం పక్కన కూర్చుని, "ఏంది అక్కా, ఏంది, చిన్నపిల్లలెక్క," అంటూ వీపు నిమిరింది. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. "తప్పు చేసిన," అని అత్త అన్న మాట నాకు సరిగ్గా వినపడలేదు. నాకోసం అన్నది కాదు కాబట్టి మళ్ళీ అడగలేదు. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్ళాను.

పరీక్షలకు జగదల్‌పూర్ వెళ్ళి వచ్చాను. ఇశ్రాయేలీయుల మీద ప్రశ్న వచ్చింది. తిరిగొచ్చినవాళ్ళు రాసినదే మనకు మిగిలిందనీ, ఉండిపోయినవాళ్ళ పక్షం ఊహించుకోవలసిందేననీ ఒక పేరా రాశాను. మామూలు మార్కులే వచ్చాయి, పాసయ్యాను.

నేను తిరిగి వచ్చేసరికి మొదటి వాన పడింది. మెట్టచేలో ఇద్దరూ ఉన్నారు. చేను పంచుకోలేదు, గట్టు వేయలేదు. నేస్తం ఎడ్లతో దున్నుతుంటే అత్త వెనక విత్తనం చల్లుతోంది. ఊళ్ళో ఒకరిద్దరు పట్టా ఎవరి పేరు మీద ఉందని అడిగారు. "ఉన్నోళ్ళ పేరు మీదనే ఉంది," అని అత్త ఆ మాట అక్కడితో తుంచేసింది.

కోతల నాడు బడికి సెలవు. నేనూ కొడవలి పట్టాను కానీ గంటకే నడుము పట్టేసింది. మధ్యాహ్నం జావ తాగుతున్నప్పుడు నేస్తం నన్ను అడిగింది, ఎండాకాలమంతా మీ అత్తకు ఏదో కథ చెప్పావట, అదేంటని. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. దొర్లీలో, తన పద్ధతిలో చెప్పింది. పెట్టెను మోసిన గోత్రం, కూలిన గుడి, పరాయి దేశంలో ఏళ్ళు. తిరిగొచ్చినవాళ్ళు ఉండిపోయినవాళ్ళను గుడి కట్టనివ్వని చోట మాట మారుస్తుందేమోనని నేను చూశాను. మార్చలేదు. జరిగింది జరిగినట్టే చెప్పింది, నేస్తం ముఖంలోకి చూస్తూనే.

"తర్వాత ఏమైంది?" అంది నేస్తం.

అత్త నా వైపు తిరిగింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పక్కపక్కనే బతికారనీ, తగాదాలు పడుతూనే ఉన్నారనీ, పెద్దలు ఎంత వద్దన్నా ఒకరి పిల్లల్ని ఒకరు చేసుకున్నారనీ చెప్పాను.

"పెండ్లిళ్ళు చేసుకున్నరా?" నేస్తం పకపకా నవ్వింది. "మరింకేంది! వియ్యంకులయినంక కొట్లాటలు ఉండవా ఏంది?"

అత్త కూడా నవ్వింది, జావ పొలమారేంతగా. నేస్తం ఆమె నెత్తి మీద తట్టి, కొడవలి తీసుకుని చేలోకి దిగింది.