చచ్చే వేషం నాదే

మొన్న నెల్లూరు బజారులో ఒకామె గంప మీది గోనెపట్టా తీసేసరికి తాటిబెల్లం వాసన గుప్పుమంది. డెబ్బై దాటిన మనిషిని, నడిరోడ్డు మీద నిలబడి నవ్వుకున్నాను. ఒకప్పుడు ఆ బెల్లం ముక్క కోసం రోజుకు రెండుసార్లు చచ్చేదాన్ని.

చైనాతో యుద్ధం మొదలైన ఏడు, వానలు తెరిపి ఇచ్చినప్పుడల్లా సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులో మా ఏడుగురు పిల్లల పటాలం దిగేది. తాటిమట్టలు తుపాకులు, సరుగుడు కాయలు బాంబులు. చచ్చిన సిపాయిని పాత వలలో పడుకోబెట్టి నలుగురు మోసుకెళ్ళి, చర్చిలో నేర్చిన సమాధి పాట పాడి, నోట్లో బెల్లం పెట్టాలి. అందుకని చావడానికి అందరూ ఎగబడేవాళ్ళు. నేను బక్కప్రాణిని, మోయడం తేలిక, కాబట్టి ఆ వేషం ఎప్పుడూ నాదే.

మా చిన్నాన్న నిజం సిపాయి. సెలవు మీద వచ్చి, అవ్వ వండే చేపల పులుసు మూడు పూటలా తింటూ ఉన్నవాణ్ణి వెంటనే రమ్మని తంతి వచ్చింది. మాకు చెప్పిపోదామని తోపుకి వచ్చినవాడు, ఒంటినిండా ఇసుకతో కళ్ళు మూసుకుని వలలో పడున్న నన్ను చూసి, పరుగున వచ్చి రెక్క పట్టి లేపాడు. అంత మీసాలాయన వణకడం చూసి నాకు నవ్వొచ్చి, భయమా చిన్నాన్నా అని అడిగాను.

"బయమేమ్మా. మీ అవ్వతో మాత్రం చెప్పబాక" అన్నాడు. నా బుగ్గ మీది ఇసుక దులిపి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి మా యుద్ధంలో ఎవరూ చావడానికి ఒప్పుకోలేదు. మాలో ఎవరు చచ్చినా అక్కడ చిన్నాన్నకు తగులుతుందని మా గట్టి నమ్మకం. బెల్లానికి చీమలు పట్టాయి. ఎంత కాల్చినా ఎవరూ పడని యుద్ధం ఎంత విసుగో మమ్మల్నే అడగాలి. అయినా పంటి బిగువున సాగించాం. ఉత్తరం ముక్క లేదు. అవ్వ పులుసు వండటం మానేసింది.

క్రిస్మస్ పోయాక ఒక మధ్యాహ్నం, కట్టు కట్టిన ఎడంచేయి మెడకు వేలాడేసుకుని, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ చిన్నాన్న తోపులోకి నడిచి వచ్చాడు. ముందు మా పెదనాన్న కొడుకు గుండె పట్టుకుని దబ్బున పడ్డాడు. వాడి వెనకే మిగతా ఆరుగురమూ సంతోషం పట్టలేక వరసగా చచ్చిపోయాం. చిన్నాన్న పగలబడి నవ్వుతూ, బాగున్న ఒక్క చేత్తో ఒక్కొక్కరినే లేపుతూ, "లెయ్యండి, అవ్వ పిలస్తా ఉండాది" అన్నాడు.

ఆ తోపు ఇప్పుడు రొయ్యల గుంటలు. చిన్నాన్న నిండు వయసులో, మంచం మీద, అందరినీ పలకరించే పోయాడు. ఆ ఏడుగురిలో ఇద్దరం మిగిలాం. తక్కిన అయిదుగురూ పడ్డప్పుడు, చెయ్యి పట్టి లేపడానికి ఎవరూ రాలేదు.