కారు ముందు వెళ్లింది

పెద్దకడుబూరులో మా పక్కింటి పత్తి వ్యాపారి కోడలికి ఈ తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. వాకిట్లో కారుంది. ఆదోని ఆసుపత్రికి అందులో తీసుకెళ్లమన్నాను.

“పెట్రోలు వాసన తగిలితే కడుపులో బిడ్డ నిలస్తాదా, టీచరమ్మా? ఎద్దుల బండి కట్టించినాము,” అంది అత్తగారు.

“అది ఉత్త మాటమ్మా.”

“నువ్వు సదువుకున్నావు సరే, కన్నావా?”

నాకు పిల్లలు లేరు.

కోడలిని బండిలో పడుకోబెట్టారు. ఆసుపత్రిలో మంచం చూసి పెడతానని అత్తగారు కారెక్కి ముందు వెళ్లింది. కాన్పు దారిలోనే అయింది. బిడ్డ దక్కలేదు.

సాయంత్రం అత్తగారు కారులో తిరిగివచ్చింది. “కారులో పోయింటే తల్లి గూడా దక్కేది కాదు,” అంది. అందరూ అవునన్నారు. కారులో వెళితే బిడ్డ బతికేదని నేను మాత్రం రుజువు చేయగలనా?

ఇక మా ఊళ్లో ఏ చూలాలినీ కారెక్కనివ్వరు. మీ ఊళ్లో ఎక్కనిస్తారా?