గదిలో పడుకోని కోటమ్మ

చీకట్లో ఏదో తెల్లగా కనిపించిందని ఎవరైనా అంటే, బడిపంతులైన మా నాన్న "పొద్దున వెళ్ళి చూడు, పంచె ఆరేసి ఉంటుంది" అనేవారు. నేనూ ఆయన కూతుర్నే. దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైల మొదట్లో, ప్లాట్‌ఫారం మీద బతికేవాళ్ళ కోసం తెనాలిలో కొందరం కలిసి వరసగా చిన్న గదులు కట్టించాం. మనిషికో గది, ఎవరి తాళం వారిదే. ఆసుపత్రికి తీసుకెళ్ళడం, పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం కూడా మా పనే. అక్కడ పెత్తనమంతా నాది.

కోటమ్మది రేపల్లె అవతల సముద్రపు పల్లె. తుఫానుకు గుడిసె పోయాక తెనాలి స్టేషన్‌కు చేరింది. గది ఇచ్చినా ఒక్కరోజూ లోపల పడుకోలేదు. తలుపుకు తాళం వేసి, దానికి అడ్డంగా వరండాలో చాప పరుచుకునేది. "లోపల ఊపిరాడదండి" అనేది.

లోపల పడుకోని మనిషికి గదెందుకని కమిటీలో అడిగాను. ఇంకొన్నాళ్ళు చూద్దామన్నారు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆమె చెల్లెల్ని చూడ్డానికి రేపల్లె వెళ్ళినప్పుడు తాళం పగలగొట్టించాను.

లోపల నేల అద్దంలా ఉంది. తోమి బోర్లించిన గిన్నెలు, మడతపెట్టిన చీర, గోడకు అమ్మవారి పటం. అది ఒక మనిషి ఇల్లని కళ్ళకు తెలుస్తూనే ఉంది. అయినా సామానంతా మూట కట్టించి, బాపట్ల స్టేషన్ నుంచి తీసుకొచ్చిన దానియేలు అనే చూపులేని పెద్దాయనకు ఆ గది ఇచ్చేశాను.

కోటమ్మ తిరిగొచ్చింది. మూట చేతికిచ్చి, ఇంకోటి ఖాళీ అయితే ఇస్తానన్నాను. గొడవ చేస్తుందనుకున్నాను. "సరేనండి" అని వెళ్ళిపోయింది.

చెల్లెలి ఇంట్లో చోటు లేక రేపల్లె స్టేషన్‌లోనే ఉంటూ, ఆ ఏడు వానాకాలంలో చనిపోయింది. చెల్లెలు వచ్చి నాకొక్కదానికే చెప్పింది. సిగ్గుతో నేను ఆ మాట బయటపెట్టలేదు.

కొన్నాళ్ళకు, మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుంటే దానియేలు అడిగాడు.

"అమ్మగారూ, ఈ కోటమ్మెవరండి? రోజూ ఈ వేళకొచ్చి నా గుమ్మం బయట కూర్చుంటందండి. లోపలికి రామ్మా అంటే రాదు. అమ్మగారు ఒప్పుకోరంటంది."

పేరు పక్కగదులవాళ్ళు చెప్పి ఉండొచ్చని అందరినీ ఆరా తీశాను. ఆయన దగ్గర ఆమె ఊసే ఎత్తలేదన్నారు. గుమ్మం దగ్గర ఎవరినీ చూడలేదన్నారు. ఆమె పోయిన సంగతి కూడా వాళ్ళకు తెలియదు.

మర్నాడు ఆ వేళకు నేనే వెళ్ళి వరండాలో కూర్చున్నాను. ఎండ చిటపటలాడుతోంది. "వచ్చిందండి" అన్నాడు దానియేలు, నా పక్కకు ముఖం తిప్పి. అక్కడ ఎవరూ లేరు.

లోపలికి వెళ్ళు కోటమ్మా అని ఒక్కమాట అనాల్సింది. ఎవరూ లేనిచోట మాట్లాడితే జనం నవ్వుతారనిపించింది. లేచి వచ్చేశాను.

సాయంత్రం దానియేలు చెప్పాడు: "మీరు వెళ్ళినాక ఆవిడా లేచి వెళ్ళిపోయిందండి. మీరేమన్నా అంటారేమోనని చానాసేపు చూశానందండి."

మళ్ళీ ఎప్పుడూ రాలేదట. ఆయన విన్నదేంటో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అననిది మాత్రం తెలుసు.