ఎర్రదారం కట్టిన తూటాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తాళం పడేది ఒక్క రేకు పెట్టెకే. బియ్యం గుమ్మికి తాళం లేదు, అమ్మ చీరల సందూకకు తాళం లేదు, వీధి తలుపుకైతే గొళ్లెం కూడా సరిగ్గా పడేది కాదు. ఆ పెట్టె తాళంచెవి మాత్రం మా తాతయ్య మొలతాడుకు వేలాడుతూ ఉండేది. పెట్టెలో ఆయన తుపాకి తూటాలు ఉండేవి. తుపాకేమో గుడ్డసంచిలో, ఆయన మంచం పైన గోడకు వేలాడేది.

మాది కొడిమ్యాల గుట్టల కింద చిన్న ఊరు. మేము నేతపని వాళ్లమే అయినా, తాతయ్య హయాంలోనే మగ్గం గుంట పూడ్చేసి మావాళ్లు సేద్యంలోకి దిగారు. గుట్టల్లోంచి అడవిపందులు మందలుగా దిగి మక్కచేలను తొక్కి, కంకులు నమిలి పోయేవి. పంట కాపలాకని సర్కారు తాతయ్యకు తుపాకి లైసెన్సు ఇచ్చింది. ఊరి మొత్తానికి అదొక్కటే తుపాకి. ఎవరి చేలో పందులు పడ్డా ముందుగా మా తలుపే తట్టేవారు.

అబ్బో, ఆయన గురి గురించి చెప్పాలంటే నాకిప్పటికీ గర్వమే! దసరా నాడు జమ్మి దగ్గర గుంజకు మట్టికుండ కట్టి, తాతయ్య చేత కొట్టించడం మా ఊరి ఆనవాయితీ. ఒక్క దెబ్బకు కుండ పగిలేది. మేము పెంకుల కోసం ఎగబడేవాళ్లం. వయసు పిల్లలు మాత్రం ప్రతి ఏడూ ఆయన్ని ఆట పట్టించేవారు. పెద్ద తూటా వదిలిపెట్టి చిన్న తూటాతో కొడతావేం, దాంతో ఎవరైనా కొడతారు కదా అనేవారు. తాతయ్య మీసాల్లో నవ్వుకుంటూ ఆ చిన్న తూటానే నింపేవాడు.

ఆ చిన్న తూటా, పెద్ద తూటా సంగతి చెప్పాలి. మొదటిదాన్ని ఆయన రవ్వ తూటా అనేవాడు. అందులో మిరియాలంత సీసపు గింజలు ఉంటాయి. పేలగానే చెదిరిపోతాయి, దూరం పోయేకొద్దీ ఊపు తగ్గిపోతుంది. చిలకల్ని, పందుల్ని తరమడానికి అది చాలు. రెండోది గుండు తూటా. అందులో ఒక్కటే సీసపు ముద్ద. తగిలిన దగ్గర ఆగుతుందన్న నమ్మకం లేదు. మీదికొచ్చే ఒంటిపంది కోసం అవి అయిదు మాత్రం దాచుకున్నాడు. పైకి చూస్తే రెండూ ఒకటే రకం, అదే అట్ట, అదే ఇత్తడి అడుగు. మూతి మీది అచ్చు అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, ఉన్నా ఆయనకు ఇంగ్లీషు రాదు. అందుకే గుండు తూటాలకు నడుముకు ఎర్రదారం చుట్టి ముడివేశాడు. దారం ఉంటే గుండు, లేకుంటే రవ్వ. అంతే లెక్క.

ఎందుకో అడిగి తెలుసుకుని మరీ ఆ దారం ఇచ్చింది పక్కింటి అక్క. ఆమె మా అమ్మ పుట్టిన సిరిసిల్ల నుంచే కోడలిగా వచ్చింది, అందుకే మాకు వదిన కాకుండా అక్క అయింది. పుట్టింటి నుంచి వచ్చినప్పుడల్లా రంగు దారాల ఉండలు తెచ్చేది. నాకు తొమ్మిదో ఏట ఆమె పెనిమిటి దుబాయి పోయాడు. అయిదేళ్ల బిడ్డను చంకనేసుకుని, రెండెకరాల మక్కచేను ఒంటిచేత్తో వేసింది. ఆ కంకులు ఇంటికి చేరితేనే తల్లీబిడ్డలకు ఏడాది గింజలు. పొద్దున లేస్తే చేను, మాపు చేను, ఆమె మాటంతా చేను గురించే.

సద్దుల బతుకమ్మకు ముందురోజు ముసురు విడిచి ఎండ కాసింది. తాతయ్య తూటాలను వాకిట్లో చాప మీద ఆరబెట్టి, కోళ్లు తొక్కకుండా చూడమని నన్ను కూర్చోబెట్టాడు. తూటాలను ముట్టవద్దని మరీ మరీ చెప్పాడు. నా ఒళ్లో గునుగుపూలు ఉన్నాయి. బతుకమ్మలో పేర్చడానికి వాటిని చిన్న చిన్న కట్టలు కట్టాలి, కట్టడానికి దారం లేదు. ఎదురుగా ఎర్రటి దారం! తూటాలు ముట్టవద్దన్నాడు గానీ దారం ముట్టవద్దనలేదు కదా అనుకున్నాను. నా తెలివి కాలిపోను! అయిదూ విప్పితే దొరికిపోతానని, మూడు విప్పి రెండు వదిలేశాను. తొమ్మిదేళ్లకే అంత గడుసుతనం నాది. ఇంతలో చినుకు పడింది, తాతయ్య హడావిడిగా వచ్చి అన్నిటినీ పెట్టెలో వేసి తాళం వేశాడు. నా గునుగుకట్టలు మూడూ ముద్దుగా వచ్చాయి.

మర్నాడు తెల్లవారుతుండగానే అక్క మా తలుపు బాదింది. పందులు పడ్డాయి. తాతయ్య తుపాకి తీసుకుని, పెట్టె తెరిచి దారం లేని తూటాలు రెండు ఏరుకుని జేబులో వేసుకున్నాడు. నేనూ వాళ్ల వెనకే పరుగెత్తాను. చేను మధ్యలో మక్కకర్రలు పటపటా విరుగుతున్నాయి, పందుల వీపులు నల్లగా కదులుతున్నాయి. అక్క ఏడుస్తూ, పెద్ద తూటా వేసి కొట్టమని తాతయ్య కాళ్లావేళ్లా పడుతోంది. ఆయన తూటాలు నింపుతూనే జవాబిచ్చాడు.

“గుండు వద్దు బిడ్డా. గా అవుతల గట్టు మీద ఆడోళ్లు తంగేడు పువ్వు తెంపుతున్నరు, నీ పోరి సుత గాడనే ఉన్నది. రవ్వ తూటనే నింపిన. గీడికెల్లి గట్టు దాక పోదది.”

ఆ మాట విన్నాకే నేను విప్పిన మూడు దారాలు గుర్తొచ్చాయి. గట్టు మీద మా అమ్మ కూడా ఉంది. చెబితే వీపు విమానం మోత మోగుతుంది, చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. ఆయన తుపాకి భుజానికెత్తాడు. నేను వెళ్లి ఆయన పంచె కొంగు పట్టుకుని గుంజాను, గట్టిగా గుంజాను.

“తాతా, కాల్చకు! దారాలు నేనిప్పిన. గవి ఏవేందో తెల్వది!”

ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం ఉందో లేదో నేను చూడలేదు, తల దించుకున్నాను. టక్కుమని తుపాకిని కీలు దగ్గర విరిచి తూటాలు రెండూ తీసి జేబులో వేసుకున్నాడు. అక్క అప్పటికే కట్టె పట్టుకుని చేలోకి ఉరికింది, మా మాటలు ఆమె వినలేదు. ఊళ్లోవాళ్లు వచ్చి పళ్లాలు, డబ్బాలు మోగించేదాకా పందులు కదల్లేదు. అవి పోయేసరికి సగం చేను నేలమట్టమైంది.

అక్క ఆ విరిగిన కర్రల మధ్య కూలబడి తాతయ్యను నానా మాటలన్నది. బందూకు ఉండి ఏం ఫాయిదా, ఎందుకు పేల్చలేదు, గోడకు వేలాడదీసి పూజ చేసుకో అన్నది. నలుగురూ వింటున్నారు. నేను నోరు తెరవబోతే తాతయ్య నా భుజం మీద చేయి వేసి నొక్కాడు. “తూటలు తడిసినయ్ బిడ్డా. సూసుకోలె. తప్పు నాదే” అన్నాడు. ముసలాడికి చూపు ఆనడం లేదని, లైసెన్సు ఇంకెవరికైనా ఇయ్యాలని వెనక ఎవరో గొణిగారు. దసరా నాడు కుండ పగలగొట్టే మనిషి ఆ మాట విని తల వంచుకుని నడిచాడు. నాకు దెబ్బలు తిన్నా అంత ఏడుపు వచ్చేది కాదు.

ఇంటికొచ్చాక ఆయన అరవలేదు, కొట్టలేదు. అన్నం తిన్నాక నన్ను వెంటబెట్టుకుని ఊరవతల వాగు ఒర్రె దగ్గరికి తీసుకుపోయాడు. ఎత్తైన మన్నుగడ్డకు ఆనించి ఒక పాత తలుపు చెక్క నిలబెట్టి, దాని ముందు రాయి మీద చిల్లికుండ పెట్టాడు. నన్ను తన వెనక కూర్చోబెట్టి, పొద్దున తీసిన ఆ రెండు తూటాలనే నింపి కొట్టాడు.

మొదటిది రవ్వ. కుండ పగిలింది, వెనక చెక్క మీద చుక్కలు చుక్కలుగా గాట్లు పడ్డాయి, అంతే. పెద్ద పెంకు ఒకటి తెచ్చి పెట్టి రెండోది కొట్టాడు. పెంకు తుక్కుతుక్కయింది, చెక్క చీలి రెండయింది. తాతయ్య గడ్డలో పడిన బొక్కను కర్రతో తవ్వడం మొదలుపెట్టాడు. నా చేయి మోచేతిదాకా పోయేంత లోతు తవ్వాక నలిగిన సీసపు ముద్ద దొరికింది. మన్ను తుడిచి నా అరచేతిలో పెట్టాడు. అది చిన్నదే, కానీ ఎంత బరువో! నాకు గట్టు మీది అమ్మ కళ్లముందు కనబడింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయన నన్ను దగ్గరికి తీసుకుని కళ్లు తుడిచాడు. కొట్టేదాన్ని చూసి తూటా ఎన్నుకునేవాడు ఉత్త గురికాడేనని, దాని వెనక ఎవరున్నారో చూసి ఎన్నుకునేవాడి చేతిలోనే తుపాకి ఉండాలని చెప్పాడు. దసరా కుండను చిన్న తూటాతో ఎందుకు కొడతాడో నాకప్పుడు అర్థమైంది. కుండ వెనక ఊరంతా ఉంటుంది మరి. నువ్వు పంచె గుంజినవు గనుక ఇయ్యాల నా తుపాకి ఇజ్జత్ దక్కింది అని కూడా అన్నాడు. ఊరంతా ఆయన ఇజ్జత్ పోయిందనుకుంటున్న రోజున ఆయన నాతో అన్న మాట అది. పూలకట్టల దారాలు విప్పేస్తానంటే వద్దన్నాడు. పండుగ కోసం కట్టినవి విప్పకూడదట.

ఆ సాయంత్రం అక్క బతుకమ్మ ఆటకు ఆలస్యంగా వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది. ఆడుతూ ఆడుతూ మా బతుకమ్మ ముందు కాసేపు ఆగింది, మళ్లీ వరసలో కలిసింది. చీకటి పడ్డాక ఒక తట్టలో ఉడకబెట్టిన మక్కకంకులు మా ఇంటికి పంపింది. పొద్దున అన్ని మాటలన్న మనిషి కంకులు ఎందుకు పంపిందో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత ఆమె తాతయ్యను ఒక్క మాట కూడా అనలేదు. ఎవరైనా ముసలాడి చూపు గురించి వెక్కిరిస్తే వాళ్ల మీద ఇంతెత్తున లేచేది. తాతయ్య మరి రెండేళ్లకు పోయాడు. నిజం చెబుదామని నేను ఎన్నిసార్లో అక్క గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

నేనిప్పుడు కోరుట్లలో ఉంటున్నాను. మొన్న మా మనవడు కాలేజీలో రైఫిలు పోటీలకని పేరిచ్చి, ఫోనులో తూటాల బొమ్మలు చూపిస్తూ ఏది మంచిది అమ్మమ్మా అని ఆట పట్టించాడు. వెనకేముందో ముందు చెప్పు అన్నాను. వాడు నవ్వాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర రాలేదు. రెండు రోజులకే బస్సెక్కి సిరిసిల్ల పోయాను. అక్క ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. అల్లుడిది మరమగ్గాల కార్ఖానా, ఆ చప్పుడులో మాట వినబడదు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, యాభై ఏళ్ల తప్పు ఒప్పుకున్నాను. అక్క నా చేయి పట్టుకుని బోసినోటితో నవ్వింది.

“నాకెర్కనే చెల్లె. గా పొద్దుమూకినంక నీ గునుగు కట్టలకు ఎర్రదారం జూసిన. నేనిచ్చిన దారం నేను గుర్తువట్టనా? మీ తాత తడిసినయన్నడు, నేను నమ్మినట్టే జేసిన. మక్కలు పోతె మళ్ల ఏసుకుంటం. గట్టు మీద నా బిడ్డ ఉండె గద!”

పక్కన ఆ బిడ్డే, ఇప్పుడు తల నెరిసిన మనిషి, మా ఇద్దరికీ చాయ్ పోస్తోంది.

ఆ సీసపు ముద్ద ఇప్పటికీ నా సందూకలో ఉంది. నా నోరు ఎలాంటిదో మా కోడలిని అడగండి, నేను మంచిదాన్నని చెప్పుకోను. కానీ ఎవరినైనా గట్టిగా ఒక మాట అనబోయేటప్పుడు, ఆ మనిషి వెనక ఎవరున్నారో, పిల్లలున్నారో తల్లి ఉందో చూడమని, తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె నా కొంగు పట్టి గుంజుతుంది. గట్టిగానే గుంజుతుంది. ఆగుతాను.