ఎర్ర గొడుగు మీద యాభై ఏళ్ల తగువు

దీర్ఘాలక్క ఒక వారపత్రికలో ఇరవై ఆరేళ్లుగా ప్రూఫ్ రీడరు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆమెను పిలిచేది అలాగే. ఎక్కడ దీర్ఘం ఎగిరిపోయినా, ఎక్కడ ఒత్తు జారిపోయినా ఆమె పెన్ను అక్కడ వాలేది. ఒకసారి ఒక మంత్రిగారి ‘సేవాభావం’ ‘సేవాభారం’గా అచ్చుకు వెళ్లబోతుంటే పట్టుకుంది. మంత్రిగారిని దగ్గరగా ఎరిగిన విలేకరి మాత్రం, “అనవసరంగా దిద్దావక్కా, కంపోజర్ నిజమే కొట్టాడు” అని నిట్టూర్చాడు.

ఆమె గది మెట్ల కింద. ఒక బల్ల, ఒక కుర్చీ, నిలబడితే తలకు తగిలే ట్యూబులైటు. ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ ఏ విషయం మీదా అభిప్రాయం అడగలేదు. “అయిందా?” అని మాత్రం రోజుకు పదిసార్లు అడిగేవారు.

ఆ ఏడు ఒక పాత సినిమాకు యాభై ఏళ్లు నిండాయి. పదమూడేళ్ల పిల్ల ఒక వేసవి సెలవుల్లో పసితనం వదిలేసే కథ. దాని మీద అప్పట్లో తమ పత్రికలోనే వచ్చిన రెండు సమీక్షలను పక్కపక్కన వేయాలని ఎడిటరు సంకల్పించాడు. రాసిన ఇద్దరూ మహా విమర్శకులు. ఏది చూసినా కరిగిపోయే మొదటాయనను ఆఫీసులో తీపిగారనీ, ఏది చూసినా మొహం చిట్లించే రెండో ఆయనను చేదుగారనీ పిలిచేవారు. ఆ సినిమాలో పిల్ల పట్టుకున్న ఎర్ర గొడుగు యవ్వనానికి గుర్తు అని తీపిగారు రాశారు. కాదు, అణచుకున్న కోపానికి గుర్తు, అదీ చవకబారు గుర్తు అని చేదుగారు రాశారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ గొడుగు మీద సభలు జరిగాయి. ఇద్దరు కుర్రాళ్లకు డాక్టరేట్లు కూడా వచ్చాయి.

ప్రూఫు చూస్తుంటే దీర్ఘాలక్కకు ఒక చిక్కొచ్చింది. తల్లి పాత్ర పేరు ఒక సమీక్షలో ఒకలా, రెండోదాంట్లో ఇంకోలా ఉంది. ఏది సరైనదో తేల్చుకోవాలి. శనివారం మధ్యాహ్నం ఫిల్మ్ క్లబ్బులో ఆ సినిమా వేస్తున్నారని తెలిసి, కాలేజీలో చదివే చెల్లెలి కూతురిని వెంటబెట్టుకుని వెళ్లింది.

సినిమా నలుపు తెలుపు!

గొడుగు ఉంది. మొదటినుంచీ చివరిదాకా తలుపు వెనక మేకుకు వేలాడుతూనే ఉంది. పిల్ల దాన్ని ముట్టుకోనైనా లేదు. తల్లి పేరు రెండు సమీక్షల్లోనూ తప్పే. తల్లి మరణశయ్య దృశ్యం దగ్గర తాను వెక్కివెక్కి ఏడ్చినట్టు తీపిగారు తన సమీక్షలో రాసుకున్నారు. ఆ తల్లేమో ఆఖరి దృశ్యంలో కూడా నిక్షేపంగా బట్టలు ఆరేస్తోంది.

సోమవారం పొద్దున్నే ఆమె పాత సంచికల బైండు దించి దుమ్ము దులిపింది. సమీక్షలు రెండూ సినిమా విడుదలకు నాలుగు రోజుల ముందే అచ్చయ్యాయి. ఆ పక్క పేజీలోనే రంగుల పోస్టరు. అందులో పిల్ల చేతిలో ఎర్ర గొడుగు, వెనకాల కళ్లు మూసుకుని పడుకున్న తల్లి.

ఆ మధ్యాహ్నం ఫొటోలివ్వడానికి ఇద్దరు పెద్దలూ ఎడిటరు గదికి వచ్చారు. దీర్ఘాలక్క ప్రూఫులు పట్టుకుని లోపలికెళ్లింది.

“సార్, అది నలుపు తెలుపు సినిమా. ఎరుపు ఎక్కడ కనిపించింది మీకు?”

తీపిగారు జాలిగా నవ్వారు. “ఎరుపు కంటికి కనిపించేది కాదమ్మా, మనసుకు తోచేది.”

“ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో ఏకీభవిస్తాను” అన్నారు చేదుగారు. యాభై ఏళ్లలో అదే మొదటిసారి.

“మరి వాళ్లమ్మ పోవడం? అదీ మనసుకే తోచిందా సార్?”

ఎడిటరు గొంతు సవరించుకున్నాడు. “అక్కా, మీరు దీర్ఘాలు చూడండి చాలు. సమీక్షల పక్కన వేస్తున్న ఆ పాత పోస్టరు కింద మాత్రం ఏదో ఒక వాక్యం రాసి పడేయండి, సబ్ ఎడిటరు సెలవులో ఉన్నాడు.”

ఆమె రాసింది: ‘ఈ చిత్రం నలుపు తెలుపుల్లో తీసినది. గొడుగుకు ఎరుపు వేసినవాడు పోస్టరు చిత్రకారుడు.’ బొమ్మల కింది అక్షరాలు ఆ ఆఫీసులో చదివే అలవాటు ఎవరికీ లేదు. నేరుగా అచ్చయింది.

పాఠకులు చదివారు. ఉత్తరాలతో గోతాం నిండింది. ఎడిటరు తల పట్టుకుని కూర్చున్నాడు. విమర్శకులు మాత్రం చలించలేదు. రంగు లేకుండానే ఎరుపు చూపించిన దర్శకుడి ప్రతిభకు చేతులు జోడించి తీపిగారు మూడు పేజీలు రాశారు. ఎరుపు అవసరమైనచోట నలుపుతో సరిపెట్టిన చేతకానితనాన్ని చేదుగారు నాలుగు పేజీల్లో చీల్చి చెండాడారు. తగువు మళ్లీ ఊపందుకుంది. దీర్ఘాలక్కను పజిళ్ల పేజీకి మార్చారు. చేదుగారి నాలుగు పేజీల్లో మిగిలిన పదకొండు అచ్చుతప్పులు ఎవరూ దిద్దలేదు.

తర్వాతి శనివారం క్లబ్బులో ఆ సినిమా మళ్లీ వేస్తే ఆమె మళ్లీ వెళ్లింది. చెల్లెలి కూతురు సణుగుతూనే వెంట వచ్చింది. అందులో ఒక దృశ్యం ఉంది. తల్లి రోజూ పేపరు పట్టుకుని కూతురికి కథలు చదివి వినిపిస్తుంటుంది. ఒక సాయంత్రం పేపరు తలకిందులుగా ఉందని పిల్ల గమనిస్తుంది. అమ్మకు చదువు రాదని, ఆ కథలన్నీ అమ్మ అల్లినవేనని అప్పుడు తెలుస్తుంది. అయినా పిల్ల, “తర్వాతేమైందమ్మా?” అంటుంది. రెండు సమీక్షల్లోనూ ఈ దృశ్యం ఊసే లేదు. అక్కడ దీర్ఘాలక్క కళ్లజోడు తీసి తుడుచుకుంది.

బయటికొచ్చాక ఆ అమ్మాయి, “ఏంటి పెద్దమ్మా, అంత నచ్చిందా?” అంది.

ఆమె తడబడింది. అడుగుతారని ఎప్పుడూ అనుకోలేదు. “నచ్చింది. ఆ పిల్ల తెలిసి కూడా అడిగింది చూడు, అది.”

“నాకైతే ఒళ్లు మండింది. తెలియనట్టు నటించడమేంటి? పక్కన కూర్చోబెట్టుకుని అమ్మకు అక్షరాలు నేర్పాలి గానీ!”

“అదీ నేర్పుతుందే. ఆ రోజే కాదు.”

“సినిమాలో చూపించలేదుగా!”

“చూపించకపోతే?” అంది దీర్ఘాలక్క, గొంతు పెంచి. బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఇద్దరూ దాన్ని చూడనేలేదు.